చెరువుకు తగిన చిన్న పడవ

(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



చెరువు గట్టుపై నిలిచి నీటివంక చూచునప్పుడు మనకు సాధారణముగా తోచు ప్రశ్నలు మూడు. ఈ యేడు నీరు ఎంత వచ్చినది? ఎన్ని ఎకరములు పారును? తూము, అలుగు భద్రముగా నున్నవా? ఇవి తప్పక అడుగవలసిన ప్రశ్నలే. కాని నాలుగవ ప్రశ్న యొకటి కలదు. ఆ నీటిలోనికి తెల్లవారుజామున దిగి చేపలు పట్టు మనిషి దేనిపై కూర్చుండి పట్టుచున్నాడు? ఈ ప్రశ్నను మేము కూడ చాలకాలము అడిగినవారము కాము. అడుగకపోవుటచే జరిగిన పొరపాటొకటి మా యనుభవములోనే యున్నది. దానితోనే ఈ ప్రసంగమును ఆరంభింతుము.

కొన్ని సంవత్సరముల క్రిందట పల్నాటి సీమలోని ఒక గ్రామమునకు మేము వెళ్ళితిమి. ఆ పంచాయతీవారు చెరువులో చేపల వేటకై మత్స్యకారులకు ఒక పడవను కొనియిచ్చిరి. నీలిరంగు వేసిన పొడవైన ఫైబరు పడవ. చూచుటకు ముచ్చటగా నుండెను. దానికి పూలదండ వేసిరి, కొబ్బరికాయ కొట్టిరి. మేమును నాలుగు మాటలు చెప్పితిమి, ఛాయాచిత్రములు తీయించితిమి, పత్రికలకు వార్త పంపితిమి. మా పని పూర్తియైనదని తృప్తిపడి తిరిగి వచ్చితిమి.

మరుసటి సంవత్సరము వేరొక పనిమీద ఆ గ్రామమునకు పోయినప్పుడు పడవ ఎట్లున్నదో చూతమని చెరువు వద్దకు నడచితిమి. అది గట్టు క్రింద ఎండలో బోర్లించి యున్నది. దాని వీపుమీద ఎవరో మిరపకాయలు ఆరబోసికొనియున్నారు. చెరువులో ఒక వృద్ధ మత్స్యకారుడు లారీ ట్యూబుపై కూర్చుండి వల తీయుచుండెను. ఆయన ఒడ్డునకు వచ్చిన పిమ్మట, “తాతా, అంత మంచి పడవ ఉండగా ఈ ట్యూబు ఏల?” అని అడిగితిమి.

“అయ్యా, అది పోవటానికి మంచిదే. నిలబడి వల తీయటానికి కాదు. ఒక పక్కకు వంగామంటే మనిషిని నీళ్లలోకి దించుద్ది. దాన్ని ఒడ్డు మీద నుంచి నీళ్లలోకి తోయాలంటే ఆరుగురు కావాలి. వేటకు పోయేది మేం ఇద్దరం,” అనెను. కొంచెమాగి, “కొనేముందు మమ్మల్ని ఒక్క మాట అడిగినోళ్లు లేరు,” అని ముగించెను.

మేము మారు పలుకలేకపోతిమి. కార్యాలయమునకు తిరిగి వచ్చి నాటి ఛాయాచిత్రములను మరల తీసి చూచితిమి. వాటన్నిటిలోను పడవ ఒడ్డుననే యున్నది. నీటిపై, వలతో, మనిషితో నున్న చిత్రము ఒక్కటియు లేదు. తప్పు పంచాయతీవారిది మాత్రమే కాదు. ఆ సంగతిని నాడు గమనింపని మాది కూడను. అందుచే చిన్న పడవను ఎట్లు ఎంచుకొనవలయునో మత్స్యకారులను, పడవలు చేయువారిని అడిగి తెలిసికొన్న సంగతులను మీ యెదుట నుంచుచున్నాము.

ఇది పంచాయతీ పనియేనా?

పడవ కొనుట మత్స్యకారుల సొంత వ్యవహారము గదా, పంచాయతీకి ఏమి పని యని కొందరు తలపవచ్చును. 1992లో చేసిన రాజ్యాంగపు 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోనికి వచ్చినది. దానితో చేరిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు 29 కలవు. వాటిలో మూడవది చిన్న నీటిపారుదల. అయిదవది మత్స్య పరిశ్రమ. నీరును, ఆ నీటిలోని చేపయు ఒకే పట్టికలో దాదాపు ప్రక్కప్రక్కనే యున్నవన్న మాట.

తెలంగాణములో 46 వేలకు పైగా చెరువులు, కుంటలు కలవని 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయ సందర్భమున లెక్క తేలినది. కాకతీయుల కాలపు పాఖాల, రామప్ప చెరువులు నేటికిని నిండుచున్నవి. ఆంధ్రప్రదేశములో కంభము చెరువు వంటి మహా తటాకములు మొదలు ఊరి చివరి కుంటవరకు నీటి వనరులు అనేకములు. ఈ నీళ్లలో బొచ్చె, శీలావతి, మృగాల పిల్లలను ఏటేట వదలుచుందురు. పిల్లను వదలుటకు ధనము వెచ్చింతుము. పెరిగిన చేపను పట్టి తెచ్చు సాధనమును గూర్చి మాత్రము ఆలోచింపము. విత్తనము వేసి, కొడవలి మరచిన రైతును మనము మెచ్చుకొందుమా?

పడవకు ముందు ప్రశ్నలు

పడవల దుకాణమునకు పోవుటకు ముందు చెరువు గట్టుననే నాలుగు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొనవలెను.

మొదటిది, నీరు ఎట్టిది? లోతెంత, విస్తీర్ణమెంత, గాలి ఎంత? ఎండకాలము నాటికి బురదయై మిగులు కుంట వేరు; ఆషాఢ మాసపు గాలికి అలలు లేచు జలాశయము వేరు. క్రొత్తగా ముంపునకు గురియైన నేలయైనచో నీటి క్రింద చెట్ల మోళ్లు, పాత గోడలు ఉండును. అట్టి చోట పలుచని అడుగు గల పడవ పనికిరాదు.

రెండవది, వేట ఎట్టిది? విసురు వల వేయువాడు నిలువబడవలెను. సాయంకాలము నీటిలో నిలిపి తెల్లవారి తీయు నైలాను వలకు కూర్చుండి ప్రక్కకు వంగి లాగవలెను. లాగుడు వలకు పడవ వలను మోసికొని పోయి చుట్టు తిరిగి రావలెను. గాలమునకు పడవ కదలక నిలిచిన చాలును. పని వేరైనప్పుడు పనిముట్టు వేరు కావలెను.

మూడవది, ఎందరు ఎక్కుదురు? వేటకు పోవునది ఇద్దరైనచో ఇద్దరు మోయగల పడవయే కావలెను. ఆరుగురు లేనిదే కదలని పడవ ఆరు నెలలు గట్టుననే యుండును.

నాలుగవది, నీరు లేనప్పుడు పడవ ఎచ్చట నుండును? మన చెరువులు పెక్కు వైశాఖము నాటికి ఎండును. ఆ మూడు నాలుగు నెలలు పడవకు నీడ ఎక్కడ, కాపలా ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానము లేని పడవ రెండవ యేటికి పడవగా మిగులదు.

మన నీళ్లపై నున్న సాధనములు

లారీ ట్యూబు, థర్మాకోలు తెప్ప: పేద మత్స్యకారుని మొదటి పడవ ఇదియే. ఖర్చు స్వల్పము, భుజముమీద మోయవచ్చును, లోతులేని కుంటకు చాలును. కాని ట్యూబునకు ముల్లు గ్రుచ్చుకొన్నచో క్షణములో గాలి పోవును. థర్మాకోలు ముక్కలై విరిగి నీటిని పాడుచేయును. వీటిపై కూర్చున్నవాని కాళ్లు ఎల్లప్పుడు నీటిలోనే. చలికాలపు తెల్లవారుజామున అది ఎంత కష్టమో అనుభవించినవారికే తెలియును. చేయి జారినచో పట్టుకొనుటకు అంచు లేదు. పెద్ద నీటిపై వీటిని వాడుట ప్రాణముతో చెలగాటమే.

పుట్టి: కృష్ణా తుంగభద్రా తీరములవారికి పరిచయము చేయనవసరము లేదు. వెదురు బద్దలతో గుండ్రని బుట్టవలె అల్లి, పూర్వము తోలుతోను, ఇటీవల టార్పాలిను గుడ్డతోను కప్పి తారు పూయుదురు. 1520 ప్రాంతమున విజయనగరమును చూచిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెజ్, బుట్టలవలె గుండ్రని ఈ పడవలపై జనులు నదిని దాటుటను, అవసరమైనచో గుఱ్ఱములు, ఎద్దులు కూడ వీటిలో దాటుటను వర్ణించి యున్నాడు. అయిదువందల యేండ్లు నిలిచిన సాధనములో గుణము లేకపోదు. అడుగు వెడల్పగుటచే ఓరగిలదు. రాతిపై తగిలినను వెదురు వంగి నిలుచును. చినిగినచో ఊరిలోనే బాగుచేసికొనవచ్చును. దోషమేమన, అది తిన్నగా పోదు, తిరుగుచుండును. తెడ్డు వేయుటకు అలవాటు కావలెను. ఎదురుగాలిలో దూరము పోవుట దుర్లభము. ఏటేట తారు పూయవలెను. ఇప్పుడు ఫైబరుతో చేసిన పుట్టులు కూడ వచ్చినవి. వీటికి తారుపని లేదు.

దోనె: కొల్లేటి సీమలోను, గోదావరి లంకలలోను తాటి మొద్దును తొలిచి చేసిన దోనెలు తరతరములుగ వాడుకలో నున్నవి. నాచు, గడ్డి, సన్నని కాలువల నడుమ గడకఱ్ఱతో త్రోసికొని పోవుటకు ఇంతకంటె అనువైనది లేదు. కాని ఒంటి దోనె యిరుకు. అలవాటులేని వానిని క్షణములో పడద్రోయును. అందుచేతనే మన పెద్దలు రెండు దోనెలను జోడించి సంగడి కట్టిరి. ఇరుకైన రెండింటిని దూరముగ నిలిపి కట్టినచో ఒక వెడల్పైన పడవకున్న నిలుకడ వచ్చును. ఈ సూత్రమును మరల చెప్పుదుము.

చదును అడుగు పడవ: చెక్కతోనో, ఫైబరుతోనో చేసి, అడుగు చదునుగా, రెండు ప్రక్కలు నిటారుగ నుండు చిన్న పడవ. పది పండ్రెండు అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు. తక్కువ లోతులో తేలును, నిలువబడనిచ్చును, తెడ్డుకు లొంగును. నడితరము చెరువులకు ఇది మిక్కిలి తగినది. పెద్ద అలలకు మాత్రము చదును అడుగు దభీదభీమని కొట్టుకొనును. కాన పెద్ద జలాశయములపై ముందు భాగము కొంచెము పైకి లేచి, అడుగు కొంచెము కోణముగ నున్న పడవ మేలు.

దూరదేశపు పాఠము

చిన్న పడవ ఎంపికను గూర్చి మిక్కిలి శ్రద్ధగా ఆలోచించువారు దూరదేశములలోను కలరు. స్కాట్లండు, ఐర్లండులలోని సరస్సులపై ట్రౌటు అను చేపను పట్టుట ఒక వినోద క్రీడ. ఈకలు, దారముతో ఈగవలె కట్టిన కృత్రిమపు ఎరను పొడవైన కఱ్ఱతో గాలిలో ఝుళిపించి నీటిపై వాల్తురు. ఆ ట్రౌటు మన నీలగిరులకు, కాశ్మీరమునకు కూడ ఆంగ్లేయుల కాలమున తేబడినది. మన మత్స్యకారునిది జీవనోపాధి, వారిది వినోదము. రెంటికిని పోలిక పెట్టరాదు. అయినను పడవ విషయమున వారి అనుభవము వినదగినది.

వారు వేగమునకై పడవను ఎంచుకొనరు. ఒకడు ముందు, ఒకడు వెనుక కూర్చుండి, పడవను గాలికి అడ్డముగ వదలి, మెల్లగా కొట్టుకొని పోవుచు వేటాడుదురు. అందుచే పడవకు వెడల్పు, నిలుకడ కావలెనందురు. గాలికి వేగముగ కొట్టుకొని పోకుండ గుడ్డతో చేసిన గొడుగు వంటి దానిని త్రాటితో కట్టి నీటిలో విడుతురు. అది నీటిని పట్టి పడవను నెమ్మదింపజేయును. మన చెరువులో ఈ పనిని త్రాటికి కట్టిన పాత బకెట్టు చేయగలదు. లంగరు అందనంత లోతున గాలి వీచునప్పుడు ఇది ఎంతయో ఉపకరించును.

మరియొక వింత: ఆ దేశములలో ఇటీవల నడుమున తగిలించుకొని కాళ్లతో ఈదించు గాలి తొట్టి యొకటి వాడుకలోనికి వచ్చినది. దానికి మూలము టైరు లోపలి ట్యూబే. పల్నాటి తాత ఆలోచనయు, పాశ్చాత్య క్రీడాకారుని ఆలోచనయు ఒక్కచోటనే కలిసినవి! భేద మేమన, వారు ట్యూబును ఒకటికి బదులు వేర్వేరు గాలి అరలుగ విభజించిరి. ఒక అర చినిగినను మునుగరు. పైగా తేలుడు చొక్కా తొడిగికొందురు. ఆ రెండు జాగ్రత్తలు మన ట్యూబునకు లేవు. నేర్చుకొనవలసినది అదియే.

కొలతలు చెప్పు నిజము

పడవను కంటితో కాక కొలబద్దతో చూడవలెను. మూడు కొలతలు చాలును.

మొదటిది వెడల్పు. ఒకే పొడవు గల రెండు పడవలు ఉన్నవనుకొందము. ఒకదాని వెడల్పు మూడడుగులు, రెండవదానిది నాలుగడుగులు. భేదము ఒక్క అడుగే గదా యనిపించును. కాని ఓరగిలుటకు ఎదురు నిలుచు గుణము సుమారుగా వెడల్పు యొక్క ఘనమును బట్టి పెరుగును. మూడును మూడుమార్లు హెచ్చించిన 27. నాలుగును మూడుమార్లు హెచ్చించిన 64. అనగా ఒక్క అడుగు వెడల్పు పెంచుటచే నిలుకడ రెట్టింపు కంటె మించినది. సంగడిలోని కిటుకు కూడ ఇదియే. పల్నాటి గ్రామపు నీలి పడవ పొడవు ఘనమే. వెడల్పు మూడడుగులకు తక్కువ. అది తాతను ఏల నీటిలోనికి దించెనో ఈ లెక్కయే చెప్పును.

రెండవది బరువు మోయు శక్తి. తేలు వస్తువు తన బరువునకు సమానమైన బరువు గల నీటిని తొలగించునని ఆర్కిమిడీసు చెప్పిన సూత్రము మనము బడిలో చదివినదే. పండ్రెండడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు గల పడవ నీటిలో ఒక్క అంగుళము దిగుటకు, కొనలు నలుచదరముగ నున్నచో, 113 కిలోల బరువు కావలెను. కొనలు సన్నబడుటచే సుమారు 85 కిలోలని లెక్కించుకొందము. పడవ బరువు 100 కిలోలు, ఇద్దరు మనుష్యులు 130 కిలోలు, తడిసిన వల, చేపలు కలిసి 110 కిలోలు; మొత్తము 340. అనగా పడవ నాలుగంగుళములు దిగును. ప్రక్కల ఎత్తు పదునెనిమిది అంగుళములైనచో పదునాలుగు అంగుళములు నీటిపైన నిలుచును. ఇది క్షేమము. అదే పడవలో మరి ఆరుగురు ఎక్కినచో ఇంకొక నాలుగైదు అంగుళములు దిగును. వారిలో నలుగురు ఒక ప్రక్కకు జరిగినచో ఆ ప్రక్క అంచు నీటిని అందుకొనును.

మూడవది ఈ అంచు ఎత్తే. నిండు బరువుతో నున్నప్పుడు నీటి మట్టమునకు పైన జానెడు ఎత్తునకు తక్కువ కారాదు. పెద్ద జలాశయముపై ఇంకను హెచ్చు కావలెను. పడవ లోపలి ప్రక్కన ఆ హద్దున ఎఱ్ఱ గీత గీయించుడు. చదువురాని వానికైనను ఆ గీత అర్థమగును.

చెక్కయా, ఫైబరా?

చెక్క పడవ బలమైనది, ఊరి వడ్రంగి బాగుచేయగలడు. కాని మన చెరువు ఎండినప్పుడు చెక్కయు ఎండును, అతుకులు విచ్చును. నీడలో నుంచి, తడి గడ్డి కప్పి, వేటకు ముందు రెండు మూడు దినములు నీటిలో నాననిచ్చి, అతుకులలో దూది గ్రుక్కి గుగ్గిలము పూయవలెను. ఈ సేవ చేయువారు ఉన్నచో చెక్క మేలు.

ఫైబరు పడవకు అతుకులు లేవు, తేలిక, కుళ్లదు. కాని పదునైన రాతికి గీతలు పడును. ఎండలో ఏండ్ల తరబడి వదలినచో పైపూత పొడియై రాలును. పగిలినచోట గాజునార చాప వేసి రసాయనపు జిగురు పూయవలెను. ఈ పని తెలిసినవాడు దగ్గరలోని పట్టణమున నున్నాడో లేడో ముందే విచారింపుడు. 1957లో కొచ్చిన్ నగరమున స్థాపింపబడిన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవారు చౌకయైన రబ్బరు చెక్కతో చిన్న పడవలు చేసి వాటికి ఫైబరు తొడుగు వేయు పద్ధతిని రూపొందించిరి. చెక్క బలమును, ఫైబరు రక్షణయు ఒకేచోట చేర్చుట దీని ఉద్దేశము. విశాఖపట్టణమున ఈ సంస్థకు పరిశోధన కేంద్రము కలదు.

ఇనుప రేకు పడవ తుప్పు పట్టును, ఎండలో కాలును, తేలుడు అరలు లేనిచో నీరు నిండిన వెంటనే మునుగును. తక్కువ ధరకు వచ్చుచున్నదని తొందరపడవలదు.

కొనుటకు ముందు పరీక్ష

ఎద్దును కొనువాడు పండ్లు చూచును, నడిపించి చూచును, కాడి కట్టి చూచును. పడవకు మాత్రము రంగు చూచి ధర చెల్లింతుమా? ఈ అయిదు పరీక్షలు చేయుడు. నీరు నడుములోతు మించని చోట, ఈత వచ్చినవారి సమక్షమున చేయవలెను.

ఒకటి: వేటకు పోవు మత్స్యకారులే ఎక్కి చూడవలెను, సర్పంచి గాని, అధికారి గాని కాదు. రెండు: ఇద్దరును ఒకే ప్రక్కకు చేరి తడి వలను లాగవలెను. అంచు నీటికి జానెడు పైననే నిలిచినచో ఉత్తీర్ణము. మూడు: పడవను అంచువరకు నీటితో నింపవలెను. కొనలలో మూసిన తేలుడు అరలు ఉన్న పడవ నిండినను మునుగక, పట్టుకొన్న మనిషిని నిలుపును. మునిగినచో ఆ పడవ వలదు. నాలుగు: గాలి వీచు మధ్యాహ్నమున ఎదురుగాలికి తెడ్డు వేసి ఒడ్డు చేరి చూడవలెను. ఉదయపు నిశ్చలమైన నీటిపై ప్రతి పడవయు మంచిదే. అయిదు: దానిని ఇద్దరో, ముగ్గురో నీటినుండి తీసి గట్టు ఎక్కింపవలెను.

ఈ పరీక్షలకు అంగీకరింపని విక్రేతకు నమస్కరించి వచ్చుట మంచిది.

పడవతో పాటు కొనవలసినవి

పడవ ధరలోనే మరికొన్ని వస్తువుల ధర కలిసియుండవలెను. మనిషికొకటి తేలుడు చొక్కా. రెండు తెడ్లు, అదనముగ నొకటి. లోతు చూచుటకు, త్రోయుటకు వెదురు గడ. పొడవైన త్రాడు, లంగరు. నీరు తోడు పాత్ర. చొక్కా గుండీలకు వల తగులుకొనునని మత్స్యకారులు ఆక్షేపింతురు. ఆ మాట నిజమే. కాన బయట పట్టీలు వ్రేలాడని రకమును వారిచేతనే ఎంపిక చేయింపుడు. గట్టున వ్రేలాడు చొక్కా ఎవనిని కాపాడదు.

2017 నవంబరు 12న కృష్ణానదిలో పవిత్ర సంగమము వద్ద పడవ తిరగబడి ఇరువదిమందికి పైగా మరణించిరి. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పడవ మునిగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. అవి విహారపు పడవలు, పెద్ద నదులు. మనవి చిన్న చెరువులు గదా యని తలపవలదు. మనిషి మునుగుటకు నిలువులోతు నీరు చాలును. చెరువులో ఒక్కడు మునిగినచో అది పత్రికలలో నొక మూల పడును. కాని ఆ యింటికి అదియే సర్వస్వము.

కాన ఒక నియమము పంచాయతీ తీర్మానములో వ్రాసికొనుడు. వేటకు కొన్న పడవ జాతరనాడు రేవు పడవ కారాదు. పెండ్లివారికి, పిల్లల సరదాకు ఎరువీయరాదు. త్రాగినవాడు ఎక్కరాదు. మరయంత్రము బిగింపదలచినచో, 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము క్రింద ఏ నమోదు కావలెనో విచారించుకొనవలెను. త్రాగునీటి చెరువులో నూనె చిందు యంత్రము అసలే వలదు. అభయారణ్యముల పరిధిలోని నీటిపై అటవీశాఖవారి అనుమతి లేక దిగరాదు.

ధనము, బాధ్యత

2020లో ఆరంభమైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో లబ్ధిదారుల పథకములకు సాధారణముగ 40 శాతము, షెడ్యూల్డు కులములు, తెగలు, స్త్రీలకు 60 శాతము సహాయము నిర్ణయింపబడినది. మీరు దరఖాస్తు చేయునాటికి ఏ పథకము, ఎంత సహాయము లభ్యమో జిల్లా మత్స్యశాఖ కార్యాలయమున తెలిసికొనుడు. సహాయము ఎంత వచ్చినను, దానికి తగినట్లు పడవను ఎంచుకొనరాదు. పడవను ముందు ఎంచుకొని, పిమ్మట సహాయమును వెదకవలెను.

పడవ ఎవరిపేర నుండవలెనో, త్రాడు తాళము ఎవరిచేతిలో నుండవలెనో, మరమ్మతునకు ఎవరు చెల్లింపవలెనో ముందే వ్రాసికొనుడు. అందరి సొత్తు ఎవరిదియు కాదను సామెత పడవ విషయమున మిక్కిలి నిజము. చేపల సొమ్ములో కొంత భాగమును ఏటేట పడవ మరమ్మతునకు ప్రత్యేకించి యుంచుట మంచిది.

ఇక ముగింతుము. పల్నాటి గ్రామమున క్రొత్తగా ఎన్నికైన సర్పంచి ఒక స్త్రీ. ఆమె మొదట చేసిన పని, మత్స్యకారులను చెరువు గట్టునకు పిలిచి, “ఏం కావాలో మీరే చెప్పండి” అని అడుగుట. నీలి పడవను అమ్మివేసిరి. కృష్ణ ఒడ్డుననున్న మరియొక గ్రామమువారు దానిని కొని ఏటిపై తిన్నగా నడుపుకొనుచున్నారు. పడవ చెడ్డది కాదు. నీరు దానిది కాదు. ఆ సొమ్మునకు కొంత చేర్చి ఫైబరు పుట్టి యొకటి, నాలుగడుగుల వెడల్పు గల చదును పడవ యొకటి కొనిరి. కొనుటకు ముందు రెండు పూటలు నీటిపై పరీక్షించిరి. తాతయే పరీక్షాధికారి.

మేము మరల పోయినప్పుడు ఆయన చదును పడవలో నిలిచి వల తీయుచుండెను. తేలుడు చొక్కా తొడిగికొనియే యున్నాడు. మమ్ము గుర్తించి, “అయ్యా, ఫోటో ఇప్పుడు తీయండి!” అని నీటి నడుమనుండి కేక వేసెను. తీయించితిమి. ఆ చిత్రమును కార్యాలయమున పాత చిత్రము ప్రక్కననే ఉంచుకొనియున్నాము.

మీ గ్రామములలో పడవ కొనునాడు పూలదండను చెరువులో తేలుచున్న పడవకు వేయుడు.